బూటు కింద దారం

పెట్రోలు బంకులో జనానికి కనపడేదంతా పైనున్నదే. రంగు వేసిన రేకుల కప్పు, నూనె కొట్టే మిషన్లు, గాలి పెట్టే పైపు, టాయిలెట్ తాళంచెవి ఎవరి దగ్గరుందో తేలని వాదన. నా పనంతా దాని కింద. ముప్పై ఏళ్ళుగా గోతుల్లోనే బతికాను. ట్యాంకు దించడం, పైపులు కలపడం, పరీక్ష పెట్టడం, ఇసుకతో పూడ్చేసి పైకి రావడం. నా పని బాగుంటే దాన్ని ఎవరూ చూడరు. ఎవరైనా తవ్వి చూడాల్సి వచ్చిందంటే నేను చెడగొట్టానని అర్థం. ఎక్కడెక్కడో వందల గోతులు పూడ్చి, చివరికి మా తిరువూరులోనే, మా అక్క ఇంటి పక్కనే ఆ గతి పట్టింది నాకు.

విస్సన్నపేట వెళ్ళే రోడ్డులో ఊరు దాటీ దాటకముందు ఆ బంకు ఉంటుంది. దాని వెనక గోడకు ఆనుకుని మా సందు. సందులో మూడో ఇల్లు అక్కది. ఇంటి ముందు ఒక బావి. ఆ బావి మా నాన్న తవ్వాడు. నాన్న మామిడి తోటల్లో కూలికి వెళ్ళేవాడు. పొద్దుగూకే ముందు ఇంటికొచ్చి, గంటో రెండు గంటలో పలుగు పట్టుకునేవాడు. ఆ వేసవంతా అలా తవ్వాడట. నాకు గుర్తులేదు, అక్కకు గుర్తుంది. మొదటి నీళ్ళు బురదలా వచ్చాయని, నాన్న దోసిట్లో పట్టి తాగేశాడని, అమ్మ తిట్టిందని చెప్పేది. ఎన్నిసార్లు చెప్పినా అమ్మ తిట్టిన దగ్గరికి వచ్చేసరికి నవ్వేది.

అక్క అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసింది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఉన్నదంతా ఆ బావే. సందులో కుళాయిలు వచ్చాక కూడా అందరూ అన్నానికి, పప్పుకి అక్క బావి నీళ్ళే పట్టుకెళ్ళేవాళ్ళు. ఆ నీళ్ళతో పప్పు తొందరగా ఉడుకుతుందని ఆడవాళ్ళ నమ్మకం. క్రిస్మస్‌కి చర్చిలో వంటలు ఆ నీళ్ళతోనే. బాప్తిస్మం ఇచ్చే తొట్టి నింపడానికి కూడా ఇక్కణ్ణుంచే మోసేవాళ్ళు. "వాడా? వాడు మా బావి నీళ్ళలో మునిగినవాడే" అని సగం సందును తన ఖాతాలో వేసుకునేది అక్క. ఎవరైనా బిందె తీసుకురాకపోతే వాళ్ళింటికి వెళ్ళి, "ఏంటమ్మా, కోపం వచ్చిందా?" అని అడిగి వచ్చేది.

బంకు పని నాకు దొరికినప్పుడు అక్క ఎంత సంతోషపడిందో. నేను విజయవాడ కాంట్రాక్టరు దగ్గర చేస్తాను. పని ఎక్కడుంటే అక్కడికి వెళ్ళడమే. సొంత ఊళ్ళో పని రావడం అదే మొదలు. "మా తమ్ముడు చేస్తున్నాడు, ఇంకేం భయంలేదు" అని సందంతా చెప్పొచ్చింది. పెట్రోలు ట్యాంకు పక్కనుంటే ఇళ్ళు పేలిపోతాయేమోనని అప్పటిదాకా భయపడ్డవాళ్ళు ఆ మాటతో ఊరుకున్నారు.

నా పనిలో ఒక్క ముక్క చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. భూమిలో దించిన ట్యాంకు నెత్తిన ప్లాస్టిక్ పెట్టె ఒకటి కూర్చోబెడతాం. పెద్ద డ్రమ్ములా ఉంటుంది. దాన్ని సంపు అంటాం. పంపు తల, పైపుల జాయింట్లు అన్నీ అందులోనే. ఏ జాయింటు దగ్గరైనా నాలుగు చుక్కలు కారితే అవి మట్టిలోకి పోకుండా ఆ పెట్టె పట్టుకోవాలి. కానీ పైపు బయటికి పోవాలి కదా, అందుకని పెట్టె గోడకు బెజ్జం పెడతాం. ఆ బెజ్జం దగ్గర పైపుకి బిగుతుగా ఒక రబ్బరు తొడుగు వేసి, స్టీలు క్లాంపుతో బిగిస్తాం. ఆ తొడుగునే మేం బూటు అంటాం. అరచేతిలో పట్టే వస్తువు. అంత పెద్ద ట్యాంకుకీ, చుట్టుపక్కల నీళ్ళకీ మధ్య కాపలా ఉండేది అదొక్కటే.

బూటు తొడిగే ముందు పైపును పొడిగుడ్డతో తుడవాలి. మట్టి ఉండకూడదు, గ్రీజు ఉండకూడదు, తడి ఉండకూడదు. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు నేను చెప్పే మాట ఒకటుంది. "బూటు కింద వెంట్రుక దూరిందంటే అదీ ఒక పైపేరా" అంటాను. చెప్పడంలో నాకేం లోటు లేదు.

బంకు ఓనరుది పెనుగొలను. మామిడి తోటలున్న రైతు. మంచివాడు, నెమ్మదస్తుడు. ట్యాంకు దించే రోజున వాళ్ళ అమ్మగారిని కూడా కారులో తీసుకొచ్చాడు. ఎనభై దాటిన మనిషి. ఆ ముందురోజే నెమలి ఊరి గుడికి వెళ్ళి, వేణుగోపాలస్వామి దగ్గర పెట్టి పసుపు దారాలు తెచ్చిందట. గొయ్యి అంచున కుర్చీ వేశారు, ఎవరో గొడుగు పట్టారు. పూజ అయ్యాక ఆవిడ ఒక్కొక్కదానికీ దారం కట్టించడం మొదలుపెట్టింది. క్రేన్ కొక్కేనికి కట్టించింది. ట్యాంకు చెవులకు కట్టించింది. క్రేన్ డ్రైవరు చేతికి కట్టింది. ఇక దించుకోండి అన్నారు, దించాం.

ట్యాంకు దించినంతవరకూ నా పనికి వంక పెట్టడానికి లేదు. కింద ఇసుక పరుపు చదును చేశాను, రాయి ముక్క లేకుండా ఏరించాను. అతుకుల మీద సబ్బు నురుగు పూసి, లోపల గాలి పెట్టి, ఒక్క బుడగ లేవలేదని చూశాను. పట్టీలు వేసి కింద సిమెంటు దిమ్మకు బిగించాను. మబ్బు పట్టిందని ట్యాంకులో నీళ్ళు కూడా నింపించాను. ఎందుకంటే ఖాళీ ట్యాంకు ఉన్న గోతిలోకి వాన నీళ్ళు చేరితే అంత బరువు ట్యాంకూ పడవలా పైకి తేలుతుంది. ఈ జాగ్రత్తలన్నీ నాకు కంఠతా వచ్చు. పెద్ద విషయాల్లో నేనెప్పుడూ తప్పు చేయలేదు.

సంపు కూర్చోబెట్టి, పైపు కొలతకు కోసి, బెజ్జంలోంచి లోపలికి తెచ్చి ఆనించాను. అప్పుడు పైనుంచి అమ్మగారు పిలిచింది.

"నాయనా, ఆ గొట్టానికి కట్టలేదే?"

"అమ్మా, చాల్లే. వాన వచ్చేట్టుంది" అన్నాడు కొడుకు.

"అదేంట్రా? నూనె పోయేది అందులోంచేగా. దానికి కట్టకుండా మిగతావాటికి కడితే ఏం లాభం?"

ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. నా పని గురించి అక్కడున్న వాళ్ళందరికంటే ఆవిడకే బాగా అర్థమైంది. కిందికి దిగలేదు కనుక దారాన్ని నా చేతికి అందించమంది. నేను పైకి చెయ్యి చాపినప్పుడు నా మెళ్ళో సిలువ చొక్కాలోంచి బయటపడింది. ఆవిడ చూసింది.

"నువ్వు కట్టొచ్చా నాయనా? మీ వాళ్ళేమన్నా అనుకుంటారేమో."

"దానికేముందండి అమ్మగారూ, ఇవ్వండి" అన్నాను.

ఆ మాట పైపైన అన్నది కాదు. మా వైపు అలాగే ఉంటాం. క్రిస్మస్‌కి మేం పంపిన కేకు వాళ్ళు తింటారు, వాళ్ళ నోముల శనగలు మేం తింటాం. ఆవిడ చూపించిన చోటే, పెట్టె గోడ పక్కనే, పసుపు నీళ్ళ తడి ఆరని దారాన్ని బిగించి మూడు ముళ్ళు వేశాను. గట్టిగా కట్టావా అని అడిగింది. కట్టానండి అన్నాను. రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది.

ఇక బూటు తొడగాలి. తొడిగితే అది కూర్చునేది సరిగ్గా ఆ దారం మీద. పైపు కొలతకు కోసేశాం కనుక ఇటూ అటూ జరపడానికి లేదు. దారాన్ని పక్కకు నెడదామంటే తడికి బిగుసుకుపోయింది. ముడి విప్పుదామంటే అవి నేను వేసిన ముళ్ళు. జేబులో కత్తి ఉంది. ఒక్క గీటు చాలు. తల ఎత్తి చూశాను. అమ్మగారు కళ్ళు తెరిచి నా చేతుల వంకే చూస్తోంది.

అమ్మగారూ, ఇది కాస్త ఇవతలికి కట్టుకుందామండి అంటే సరే నాయనా అనేదే. ఇప్పుడు నాకు తెలుసు. కానీ ఆ నిమిషాన, మెళ్ళో సిలువ వేసుకున్నవాణ్ణి, గుళ్ళోంచి తెచ్చి నమ్మకంగా నా చేతికిచ్చిన దారాన్ని, ఆవిడ చూస్తుండగా కత్తితో తెంపడం నావల్ల కాలేదు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదేమో. అనుకుంటారేమోనని నా భయం. క్రేన్ డ్రైవరు తొందర పెడుతున్నాడు. మొదటి చినుకులు వీపు మీద పడ్డాయి. ఒక్క దారమేగా, రబ్బరు నొక్కుకుపోతుందిలే అనుకుని బూటును దాని మీంచి తొడిగేసి క్లాంపు బిగించాను. మామూలుకంటే ఒక చుట్టు ఎక్కువే తిప్పాను.

పూడ్చేముందు సంపుకు నీళ్ళ పరీక్ష ఉంటుంది. బూటు మునిగేదాకా నీళ్ళు పోసి, నీటి మట్టం దగ్గర మార్కరుతో గీత పెట్టి, ఒక రోజంతా వదిలెయ్యాలి. మర్నాడు ఆ గీత దగ్గరే నీళ్ళుండాలి. పెట్రోలు కంపెనీ ఆఫీసరు వచ్చి వంగి చూశాడు. నీళ్ళు గీతకు గోరు మందం కిందున్నాయి.

"తగ్గినట్టున్నాయే?" అన్నాడు.

ఆయన వయసులో నాకంటే చిన్నవాడు, చదువుకున్నవాడు, కానీ నేను చెప్పేదాకా ఆగాడు. అదే నా దురదృష్టం. నా అనుభవం మీద ఆయనకు గౌరవం.

"ఎండండి" అన్నాను.

నిజానికి ఎండ ఉంది. ముందురోజు వాన చినుకులతోనే సరి, ఆ రోజంతా మాడ్చేసింది. కానీ సంపు మీద మూత ఉంది. మూత ఉన్న పెట్టెలోంచి నీళ్ళు ఆవిరవవని ఇద్దరికీ తెలుసు. ఆయన నా మొహం చూశాడు, కాగితం ముందుకు జరిపాడు. ఇద్దరం సంతకాలు పెట్టాం. ఇసుక పోసి పూడ్చేశాం.

బంకు నడిచింది. అక్క రోజూ గోడ మీంచి చూసి మురిసిపోయేది. తర్వాత ఏడాది వానలు గట్టిగా పడ్డాయి. ఒకరోజు అక్క ఫోను చేసింది. "పక్కింటావిడ అన్నంలో కిరసనాయిలు వాసనొస్తోందంటోందిరా. నాకూ అనుమానంగానే ఉంది. నీకు ఈ నూనెల సంగతి తెలుసుగా, ఒకసారి వచ్చి చూడు."

వెళ్ళాను. అక్క బకెట్టు తోడి నా మొహం దాకా ఎత్తింది. నేను వంగి గట్టిగా ఊపిరి పీల్చాను. ఏ వాసనా తెలియలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నాకు పెట్రోలు వాసన తెలియదు. ముప్పై ఏళ్ళు గోతుల్లో పీల్చీ పీల్చీ నా ముక్కు చచ్చిపోయింది. సాంబారు వాసన తెలుస్తుంది, అగరొత్తి తెలుస్తుంది. నూనెల వాసన మాత్రం ఎప్పుడు పోయిందో కూడా తెలియకుండా పోయింది. మా పనివాళ్ళలో చాలామందికి ఇంతే. ఎవరం బయటికి చెప్పుకోం. చెబితే పని పోతుంది.

కానీ కళ్ళున్నాయి. బకెట్టు ఎండలోకి జరిపితే నీటి మీద సన్నగా రంగులు తిరుగుతున్నాయి. గోడ అవతల, ఎంత లోతున, ఏ పక్కన, ఏ బెజ్జం దగ్గరో కూడా నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. "ఉందారా?" అంది అక్క. ఉందక్కా అన్నాను. అంతవరకే చెప్పాను.

ఓనరు అడ్డం చెప్పలేదు. కంపెనీ వాళ్ళను పిలిపించాడు, అమ్మకం ఆపించాడు. మూత తీసి చూస్తే సంపులో వాన నీళ్ళు, వాటి మీద తేలుతూ పెట్రోలు. పంపు తల దగ్గర ఒక జాయింటు చెమర్చినట్టు కారుతోంది. అది ఎక్కడైనా జరిగేదే. అలాంటి చుక్కల్ని పట్టుకోవడానికేగా పెట్టె ఉన్నది. పెట్టె పట్టుకుని ఉంటే మేం తోడేసి, జాయింటు బిగించి, టీ తాగి వెళ్ళేవాళ్ళం. కానీ దీపంలో వత్తి నూనెను లాగినట్టు, బూటు కింద దారం రోజూ కాస్త కాస్తగా లాగి మట్టిలోకి వదిలింది. వాన నీళ్ళు లోపలికి రావడమూ దాని వెంటే.

అంతా తోడి, గాలి ఆడించి, ఇక ప్రమాదం లేదన్నాక సంపులోకి నేనే దిగుతానన్నాను. పాత పనివాడు, తన పని తనే సరిచేసుకుంటున్నాడని అందరూ మెచ్చుకున్నారు. క్లాంపు విప్పి బూటు వెనక్కి తీశాను. దారం అక్కడే ఉంది. నొక్కుకుపోయి రిబ్బనులా పలచబడింది, పసుపు మాత్రం పోలేదు. మూడు ముళ్ళూ అలాగే ఉన్నాయి. ఇప్పుడు కత్తితో తెంపాను. చూసేవాళ్ళెవరూ లేరు కదా. జేబులో పెట్టుకుని పైకి వచ్చాను.

"ఏంటి ప్రాబ్లమ్?" అన్నాడు ఆఫీసరు.

"రబ్బరు పాడైందండి" అన్నాను.

కొత్త బూటు వేశాం. నీళ్ళ పరీక్ష పెట్టాం. మూడు రోజులు ఉంచినా గీత దగ్గర వెంట్రుకవాసి తగ్గలేదు. కానీ అప్పటికే మట్టిలోకి పోయినదాన్ని ఏ పానా పెట్టి వెనక్కి తిప్పగలను? ఓనరు ఇంజను పెట్టించి బావిని అడుగు కనపడేదాకా తోడించాడు. రెండు రోజుల్లో ఊరింది, వాసనతో ఊరింది. మళ్ళీ తోడించాడు. మళ్ళీ అంతే. నేను గట్టు మీద నిలబడి చూస్తూ ఉన్నాను. నా పనిలో ప్రతిదానికీ ఒక పరికరం ఉంది, దీనికి లేదు.

నీళ్ళను పరీక్షకు పంపితే, తాగడానికి పనికిరావని కాగితం వచ్చింది. ఓనరు ఆ కాగితం పట్టుకుని స్వయంగా అక్క ఇంటికి వచ్చాడు. బావి పూడ్పించి, ఇంట్లోకే కుళాయి వేయిస్తానన్నాడు. సందుకంతా తన ఖర్చుతో మంచినీళ్ళు ఇస్తానన్నాడు. అక్క ఆ కాగితాన్ని మడిచి బైబిలు కింద పెట్టింది.

"కాగితానికి ఏం తెలుసు బాబూ? మా తమ్ముడికి తెలుసు. వాడు వాసన పోయిందన్న రోజున తాగుతాను. అందాకా ఎవ్వరికీ చుక్క ఇవ్వను, బావి మాత్రం పూడ్చను" అంది.

అలా మొదలయ్యాయి నా ఆదివారాలు. చర్చి అయ్యాక నేను అక్క ఇంటికి వెళ్ళాలి. అక్క చర్చి చీర కూడా మార్చుకోకుండా బకెట్టు తోడుతుంది. రెండు చేతుల్తో ఎత్తి నా మొహానికి ఆనిస్తుంది. నేను కళ్ళు మూసుకుని పీలుస్తాను. రంగులు కనపడటం మానేసి చాలా రోజులైంది. రంగు కనపడనంత మాత్రాన పోయినట్టు కాదు. ఇక చెప్పాల్సింది ముక్కే, నా ముక్కేమో ఏమీ చెప్పదు. కళ్ళు తెరిస్తే ఎదురుగా అక్క మొహం.

"తగ్గిందక్కా" అనేవాణ్ణి.

"నాకూ అలాగే అనిపించిందిరా" అనేది. బకెట్టు కాలవలో పారబోసి, చికెను వండి పెట్టేది. మరుసటి ఆదివారం కూడా అదే వరస. "ఇంకాస్త తగ్గిందక్కా." సందులో వాళ్ళు దారిలో ఆపి, ఎప్పటికి పోతుందన్నా అని అడిగేవాళ్ళు. అక్క నా తరఫున జవాబు చెప్పేది, క్రిస్మస్‌కి వంట మన నీళ్ళతోనే అని. ఆ మాట విన్న రోజు ఇంటికి వెళ్ళి నేను అన్నం తినలేదు. చెప్పాలని వెళ్ళడం, చెప్పకుండా రావడం. తాగనివ్వకుండా ఆపగలుగుతున్నాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి బంకు అమ్మగారు అక్క ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. కొడుకు దాచిపెట్టిన కబురు ఎలాగో చెవిన పడిందట. పట్టుబట్టి వచ్చింది. అక్క చెయ్యి పట్టుకుని కూర్చుంది. నన్ను చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

"చూడు నాయనా, ఆ రోజు నీ చేత గొట్టానికి దారం కట్టించింది ఎందుకు? ఎవ్వరికీ ఏ కీడూ రాకూడదనేగా. మరి ఎందుకిలా అయిందంటావు?"

ఆవిడ కొంగులోంచి ఇంకో పసుపు దారం తీసింది. బావి గిలకకు కట్టొచ్చా అని అక్కను అడిగింది. అక్క నా వంక చూసి, "కట్టండమ్మా, మంచిదే" అంది. ఆవిడే లేచి కట్టింది. కారు ఎక్కేదాకా అక్క పట్టుకుని నడిపించింది.

అక్క వెనక్కి వచ్చేసరికి నేను ఎప్పుడూ వెంట ఉండే పనిముట్ల బ్యాగులో దాచిన ఆ పాత దారం తీసి అరుగు మీద పెట్టాను. మొత్తం చెప్పాను. బూటు, కత్తి, గోరు మందం నీళ్ళు, ఎండండి అన్న మాట, అన్నీ. అక్క దారాన్ని వేలితో కదిపి చూసింది.

"ఆవిడ చూస్తుండగా నేనైనా తెంపేదాన్ని కాదురా" అంది చివరికి.

నేను ఏడ్చాను. యాభై దాటినవాణ్ణి, సందులో అందరూ చూస్తుండగా ఏడ్చాను. అక్క నా వీపు నిమిరింది. "పోనీలే. మన నాన్నయినా ఏం చేసుండేవాడు? ఆఫీసరుతో ఒక్క మాట చెప్పాల్సింది, సరే, అయిపోయింది. తగ్గుతోందిగా" అని లేచింది. తాడు వదిలి బకెట్టు తోడింది. గిలక మీద కొత్త దారం గిర్రున తిరిగింది. ఎప్పట్లాగే రెండు చేతుల్తో ఎత్తి నా మొహానికి ఆనించింది.

"చూడు. ఈ వారం ఎలా ఉంది?"

అంత క్షమించాక ఇక దాచడం నావల్ల కాలేదు.

"అక్కా, నాకు పెట్రోలు వాసన తెలీదు. నా ముక్కు పోయి చాలా ఏళ్ళయింది."

బకెట్టు అలాగే పట్టుకుని ఉంది. నీళ్ళు అంచు మీంచి ఆవిడ చర్చి చీర మీద పడుతున్నాయి.

"మరి ఇన్ని ఆదివారాలూ ఏం చూసి చెప్పావురా?"

"నీ మొహం చూసి చెప్పానక్కా."

అక్క బకెట్టు దించింది. తనే వంగి వాసన చూసింది. చాలాసేపు చూసింది. ఎన్నో ఆదివారాలుగా తన ముక్కుకు తెలుస్తూనే ఉన్నదాన్ని నా మాట మీద తోసేసిందని అప్పుడు నాకు అర్థమైంది. అక్క లోపలికి వెళ్ళి బైబిలు కింది కాగితం తీసి, ఓనరుకు ఫోను చేసింది. "పూడ్పించెయ్యండి బాబూ" అంది.

రెండు రోజుల్లో ట్రాక్టర్లు వచ్చాయి. గొయ్యి పూడ్చడం నా పనే కనుక నేనే చేశాను. శుభ్రమైన ఇసుక, తర్వాత మట్టి, పొర పొరకూ నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టాను. తర్వాత కుంగిపోకుండా ఉండాలంటే అలాగే చెయ్యాలి. నాన్న వేసవంతా తవ్వింది మధ్యాహ్నానికి అయిపోయింది. గిలకకు కట్టిన దారాన్ని అక్క తనే జాగ్రత్తగా విప్పింది. పాతదాన్ని గుంటలో వేద్దామని నేను చెయ్యి చాపితే ఆపింది. "వద్దు. దేవుడి దగ్గర పెట్టింది. మనుషులు తొక్కే చోట వెయ్యకూడదు" అంది. అదొక్కటే ఆ రోజు నాతో అన్న మాట. ఆ దారం ఇంకా నా పనిముట్ల బ్యాగులోనే ఉంది.

ఇప్పటికీ ఆదివారం వెళ్తాను. కుళాయి నీళ్ళు గ్లాసుతో ఇస్తుంది, చికెను పెడుతుంది, మర్యాదగా మాట్లాడుతుంది. దేని గురించీ నన్ను అడగదు. పోయిన వారం వంటింట్లో గ్యాసు స్టవ్వుకు కొత్త పైపు కనపడింది. మెయిన్ రోడ్డు మీది షాపతన్ని పిలిచి వేయించుకుందట. అక్క ఇంట్లో ఇన్నేళ్ళలో నేను కాకుండా ఇంకొకరు పానా పట్టడం అదే మొదలు. కూర్చున్న చోటు నుంచే క్లాంపు వంక చూశాను. కొంచెం వదులుగా ఉన్నట్టనిపించింది.

"అక్కా, ఒక్క చుట్టు బిగించనా?" అన్నాను.

అక్క స్టవ్వు దగ్గరికి వెళ్ళి, వంగి, నెమ్మదిగా ఊపిరి పీల్చి చూసింది.

"అక్కర్లేదులే. నా ముక్కు బాగానే ఉంది" అంది.

నేను కంచం ముందుకు జరుపుకుని అన్నం కలుపుకున్నాను.